పొలం యూరియా

గొయ్యి ఇంకా చాలలేదు.

పని అయిపోయిందనుకుని జేసీబీ డ్రైవరు ఒకసారి బండి ఆపాడు. షెడ్డులోంచి ట్రాలీ మళ్లీ రావడం చూసి, నోరెత్తకుండా మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు. రోహిణి కార్తె. పొద్దు చెట్లు దాటకముందే చచ్చిన కోళ్ల మీద ఈగలు ముసిరాయి. బొల్లాపల్లి రోడ్డు మీద పోయే ఆటోల్లో జనం ముక్కులకు కొంగులూ కండువాలూ అడ్డం పెట్టుకుని, తల మాత్రం ఇటే తిప్పి చూస్తూ పోతున్నారు.

పుల్లారావు గొయ్యి ఒడ్డున నిలబడి ఉన్నాడు. రెండు అరచేతులకూ గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపు తిరిగిన జనరేటర్ ఇంజను గుక్కపట్టినట్టు దగ్గి ఆగిపోయింది. షెడ్డులో ఫ్యాన్లన్నీ నిలిచాయి. ఎర్రగా కాలుతున్న పొగగొట్టాన్ని ఊడదీయబోయి కాల్చుకున్న చేతులవి. ఒక బోల్టు కదిలింది. రెండోది కదల్లేదు. ఆ లోపే, నాలుగు వైపులా మూసిన షెడ్డులో పది వేల కోళ్లు నోళ్లు తెరిచి, రెక్కలు పరిచి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి.

చేతుల సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"నాన్నా."

కొడుకు శ్రీకర్ వెనక నుంచి వచ్చాడు. నిన్నటి చొక్కానే. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆ డబ్బాలో ఏం పోశావు?"

"ఏ డబ్బా?"

"కొత్త పెట్టె పక్కన ఉందే, నీళ్ల డబ్బా. అందులో ఏం పోశావు?"

"యూరియా."

"ఏ యూరియా?"

"యూరియాలో కులాలుంటయ్యంట్రా? యూరియా. మిరపతోటకి తెచ్చిందాన్లో మిగిలింది."

ట్రాలీ తోస్తున్న యోహాను అక్కడే ఆగిపోయాడు. షెడ్డు పెట్టిన నాటి నుంచీ పనిచేస్తున్నవాడు. శ్రీకర్ అతని వంక చూశాడు. అతను నేల చూశాడు.

"చూశావా," అన్నాడు శ్రీకర్. ఎవరితో అన్నాడో తెలియదు. గొయ్యితో అన్నట్టుంది.

చచ్చిన కోళ్లు ఇక లేవవు. ఆ ఇంట్లో ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ముసలాయన ఆ పని తెలియక చేశాడా, పగబట్టి చేశాడా.

పగబట్టి అనడానికి ఊరంతా సాక్ష్యం ఉంది.

ఇంజను పాతది. మాచర్లలో రాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఒకటి మూతపడ్డప్పుడు పుల్లారావే బేరమాడి తెచ్చాడు. తిప్పిన ప్రతిసారీ నల్లటి పొగ గాలివాటున పోయి పక్కనున్న ఆడపిల్లల హాస్టల్ మీద దిగేది. ఆరేసిన బట్టలు మసిబారుతున్నాయని, పిల్లలు దగ్గుతున్నారని వార్డెన్ అర్జీ పెట్టింది. పొల్యూషన్ బోర్డు ఆఫీసరు వచ్చి చూశాడు. కొత్త ఇంజను కొనండి, లేదా దీన్నే ఇప్పటి రూలుకు సరిపడేట్టు మార్పించండి, రెండూ కాదంటే సీలు వేస్తాం అన్నాడు. కోడిపిల్లల్నీ మేతనూ ఇచ్చే కంపెనీ కూడా అదే పాట పాడింది. శ్రీకర్ మార్పించడానికే మొగ్గాడు. మనుషులొచ్చి పాత పొగగొట్టాన్ని కోసి, మధ్యలో బీరువా అంత పెట్టె బిగించారు. అందులో ఒక అర మసిని పట్టుకుంటుంది. ఇంకో అరలో పొగ మీద మందునీళ్లు సన్నగా చిమ్ముతాయి. పొగలో మిగిలిన విషం అక్కడ విరుగుతుంది. ఆ నీళ్లకు పక్కనే ఒక తెల్ల డబ్బా.

బిగించే రోజున పుల్లారావు ఎదురుగా నులకమంచం వేసుకుని కూర్చున్నాడు.

"ముసలి ఎద్దుకి ముక్కుతాడు మారిస్తే వయసొస్తదంట్రా? మీరు పొయ్యాక దాన్లో ఇంత మన్ను పోస్తా. పీడా పోయిద్ది."

యోహాను విన్నాడు. పెట్టె బిగించినవాళ్లు విన్నారు. కోళ్ల కంపెనీ సూపర్‌వైజరు విన్నాడు. కోడలు నిరోష కాఫీలు ఇస్తూ విన్నది.

నోరా, వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

నరసరావుపేట నుంచి ఇంజనీరు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. ముంతాజ్ అనే అమ్మాయి. ఆ పెట్టె అమ్మినవాళ్ల మనిషి. ఆమె వెనకే కోళ్ల కంపెనీ సూపర్‌వైజరు హనుమంతరావు మోటారు సైకిల్ దిగి, వాసనకు తట్టుకోలేక జేబురుమాలు తీశాడు.

ముంతాజ్ ఎక్కువ మాట్లాడలేదు. యోహాను చేత బోల్టులు ఊడదీయించి, గొట్టం రెండు ముక్కలు విడదీయించింది. లోపల ఖాళీ లేదు. సున్నపు రాయి ఉన్నట్టు ఉంది. పసుపు, తెలుపు కలిసిన గడ్డ, వేలు పట్టేంత సందు లేకుండా బిగుసుకుపోయి ఉంది.

స్క్రూడ్రైవరుతో ఒక పెచ్చు లేపి వాసన చూసింది. డబ్బా మూత తీసి అదీ చూసింది. పెచ్చును హనుమంతరావుకు అందించింది.

"చూడండి సార్."

"వేపనూనె."

"పొలంలో చల్లే యూరియా అది. వేపనూనె పట్టించి అమ్ముతారు. ఇందులో పోసేది వేరే. డబ్బాల్లో వస్తుంది, నీళ్లలాగా ఉంటుంది. అదీ యూరియాతో చేసిందే, కానీ ఇది కాదు. ఇది పోస్తే ఆ వేడికి గడ్డ కడుతూ వస్తుంది. చివరికి పొగ పోయే దారి మూసుకుంటుంది. ఊపిరాడక ఇంజను ఆగిపోతుంది."

"దాన్నీ యూరియా అనే అంటన్నారు గదమ్మా అందరూ," అన్నాడు యోహాను.

ముంతాజ్ గొట్టం వంకే చూసింది. "అంటాం. మేమూ అట్లాగే అంటాం. అలవాటైపోయింది." ఆగి, "బిగించిన రోజు శ్రీకర్ సార్‌కి చెప్పాం, డబ్బాల్లోదే పోయాలని," అన్నది.

"చెప్పారు. నేను ఇంట్లో అందరికీ చెప్పా," అన్నాడు శ్రీకర్.

"నాకు చెప్పలా," అన్నాడు పుల్లారావు.

"నీకా? ఆరోజు నువ్వు చెప్పించుకునేట్టు ఉన్నావా? మన్ను పోస్తానన్నావు అందరి ముందూ."

"అన్నా."

"ఇప్పుడు యూరియా పోశావు."

"పోశా."

"నీ అంతట నువ్వు పోశావా, ఎవరన్నా చెప్పారా?"

అప్పుడే నిరోష మజ్జిగ గ్లాసులు తెచ్చింది. పుల్లారావు ఆమె వంక చూశాడు. ఒక్కసారే. ఆమె గ్లాసు ముంతాజ్ చేతికిచ్చి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

ముంతాజ్ ఇంకా తాగనే లేదు.

"ఎవరో చెబితే చేసే రకమేనంట్రా నేను?" అన్నాడు పుల్లారావు.

ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని అతనికి తెలుసు. తెలిసీ అన్నాడు. ఆడమనిషి కొంగు చాటున నిలబడి బతికే అలవాటు లేదు. చెప్పాల్సింది ఆమె. ఆమె అంతట ఆమె చెప్పాలి. అడిగి చెప్పించుకునేది సాక్ష్యం కాదు, ముష్టి.

హనుమంతరావు శ్రీకర్‌ను వేపచెట్టు వైపు తీసుకుపోయాడు. గుసగుసగానే చెబుతున్నాననుకున్నాడు. జీవితమంతా షెడ్లలో ఫ్యాన్ల మోతలో అరిచి మాట్లాడినవాడికి గుసగుస ఎట్లా చేతనవుతుంది?

"ఇదిగో శ్రీకరూ, నీ పొరపాటని రాస్తే కంపెనీ నీ చేతికి మళ్లీ కోడిపిల్లల్నివ్వదు. ఉన్న సంగతి చెబుతున్నా. షెడ్డు ఖాళీగా ఉండాల్సిందే. పెద్దాయన పిచ్చి కోపంతో చేశాడంటే అది వేరే. వయసు మీదపడ్డ మనిషి, ఏదో చేశాడని రాస్తా. కానీ ఆయన ఇక్కడ ఉండకూడదు. షెడ్డు ఛాయలకు రాకూడదు. రేపు మావాళ్లు వచ్చేసరికి ఆయన ఊళ్లోనే ఉండకూడదు."

"ఎక్కడికి పంపను సార్?"

"అక్క ఉందిగా గురజాలలో."

పుల్లారావు గొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు. శేషారత్నం పోయిన దగ్గర్నుంచీ అతను ఈ షెడ్డు పక్క గదిలోనే పడుకుంటున్నాడు. భార్య లేని ఇంట్లో కంటే కోళ్ల మధ్యే నిద్ర పట్టేది. అవీ లేవు ఇప్పుడు.

ఇంట్లో అన్నం వండారు. చావు జరిగిన ఇంట్లోనైనా ఆకలి ఆగదు.

శ్రీకర్ కంచం ముందు కూర్చుని ఫోను స్పీకరులో పెట్టాడు. అవతల అక్క పద్మజ.

"నాన్నని తీసుకొస్తన్నా అక్కా, సాయంత్రం."

"ఏమైందిరా? టీవీలో చూపిస్తన్నారు మీ షెడ్డు. నాన్న బాగానే ఉన్నాడా?"

"బాగానే ఉన్నాడు. కొన్నాళ్లు నీ దగ్గరుంటాడు."

అవతల ఎవరో గిన్నె దించిన చప్పుడు.

"ఎన్నాళ్లు?"

"చూద్దాం," అని శ్రీకర్ ఫోను పెట్టేశాడు.

పుల్లారావు చెయ్యి కంచంలో పెట్టలేదు. కాలిన చేత్తో అన్నం కలపడం కుదరదు. కుదరదని చెప్పడం అతనికి అంతకంటే కుదరదు.

"నన్ను పంపిస్తన్నావా?"

"కొన్నాళ్లే."

"ఎన్నాళ్లో మీ అక్క కూడా అడిగింది. నువ్వు చెప్పలా."

"నాన్నా, ఒక్కోటి మూడు కేజీల పైన. రేపో మాపో బండెక్కాల్సిన కోళ్లు. ఎట్టాంటి కోళ్లు అయ్యి."

"చచ్చినోడి కళ్లు చారెడు."

శ్రీకర్ కంచం ముందుకు నెట్టాడు.

"నీకు ఎగతాళిగా ఉందా?"

"నేను నవ్వలేదే."

"నీకు పడలా. హాస్టలోళ్లు అర్జీ పెట్టడం పడలా, ఆఫీసరు రావడం పడలా, నేను నీ మాట కాదని ఆ పెట్టె పెట్టించడం అసలే పడలా. నీ ఇంజను మీద ఎవరో చెయ్యేశారని కడుపుమంట. నిజం చెప్పు. కోపమొచ్చి పోశావా లేదా?"

"కోపమొస్తే గొడ్డలి పట్టుకుంటా. బక్కెట్టు పట్టుకోను."

"అయితే ఎందుకు పోశావు?"

"పొయ్యాలి గనక పోశా."

"ఎవరు చెప్పారు పొయ్యాలని?"

నిరోష పప్పు గిన్నెలో గరిటె తిప్పుతోంది. తిప్పడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. దోసకాయ పప్పు అడుగున కాస్తే ఉంది.

"అడుగుతుంటే చెప్పవేంది? నీ నోరు ఊళ్లో అందర్నీ తిట్టడానికే లేస్తదా?"

శ్రీకర్ ఇంకాసేపు చూశాడు. అప్పుడు లేచి, చెయ్యి కూడా కడగకుండా బయటికి పోయాడు. బైకు శబ్దం షెడ్డు వైపు పోయింది.

నిరోష మామ కంచం ముందుకు వచ్చి కూర్చుంది. ఏమీ అడగకుండా పప్పు వేసి అన్నం కలిపింది. చెంచా తెచ్చి కంచంలో పెట్టింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక మామ ఆమె వంటను ఒక్కసారీ బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. తినేవాడు, లేచేవాడు.

"ఆదివారం నేను ఫోను చేస్తే ఎత్తింది నువ్వు," అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు.

ఆదివారం జరిగింది ఇంతే. యోహాను చర్చికి పోయాడు. ఇంజను గదిలో కొత్త పెట్టె మీద ఎర్ర లైటు ఆగి ఆగి వెలగడం పుల్లారావు చూశాడు. చూసి ఊరుకోవచ్చు. పాడైతే పీడా పోయిందని నవ్వుకోవచ్చు. అంతకుముందు రోజు వరకూ అయితే అదే చేసేవాడేమో. కానీ ఆ ముందు రోజు హాస్టల్ గోడ మీద పిల్లలు తెల్ల యూనిఫారాలు ఆరేసి ఉండటం చూశాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. బట్టలు తెల్లగానే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓడిపోయినట్టు.

అందుకే శ్రీకర్‌కు ఫోను చేశాడు. నిరోష ఎత్తింది. లైటు వెలుగుతోందని చెప్పాడు. ఉండండి మామయ్యా అని పోయి, మళ్లీ వచ్చి, "యూరియా అయిపోయి ఉంటది, పొయ్యండి మామయ్యా. పక్క గదిలోనే ఉంటది," అన్నది.

పక్క గదిలో మిరపతోట యూరియా బస్తా ఉంది. దాని వెనక తెల్ల క్యాన్లూ ఉన్నాయి, మీద ఇంగ్లీషులో ఏదో రాసి. బ్యాటరీలో పోసే నీళ్లనుకున్నాడు. ఊళ్లో బడి అతనికి తెలుగు చదవడం వరకే నేర్పింది.

బోరు నీళ్లు పోయలేదు. ఈ నేలలో నీళ్లు గిన్నెలకే తెల్లగా పేరుకుంటాయి, ఇంజనుకు మంచిది కాదనుకున్నాడు. ఇంట్లో తాగడానికి కొన్న మంచినీళ్ల క్యాను భుజాన వేసుకుని మోసుకుపోయాడు. యూరియా కరిగించాడు. వడగట్టాడు. పోశాడు. లైటు ఆరిపోయింది. ఆరోజు రాత్రి అతనికి మంచి నిద్ర పట్టింది.

ఒక్కసారి, ఎన్నాళ్లకో ఒక్కసారి, మనిషి మంచి మనసుతో ఒక పని చేస్తాడు. దేవుడు దానికోసమే కాచుకుని ఉంటాడు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా మీరు?" అన్నది నిరోష.

"నువ్వెందుకు చెప్పలా?"

"మిమ్మల్నయితే తిడతారు. తండ్రి గదా, తిట్టి ఊరుకుంటారు. నన్ను ఊరుకోరు."

"ఊరుకుంటన్నాడా? ఊరు దాటిస్తన్నాడు."

"మీకు సగమే తెలుసు మామయ్యా."

"మిగతా సగం ఏంది?"

ఆమె పప్పు గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. అంట్లు తోముతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. ఉన్నవి రెండే గిన్నెలు.

ఎండ తగ్గుముఖం పట్టాక శ్రీకర్ తిరిగొచ్చాడు. వెనక యోహాను కూడా వచ్చాడు, గొయ్యి పూడ్చి, పంపు కింద ఒళ్లు కడుక్కుని. ఎంత కడిగినా వాసన పోలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

శ్రీకర్ తండ్రి బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. పంచెలు మడత పెట్టడం లేదు, తోస్తున్నాడు. బయట కారు డిక్కీ తెరిచి ఉంది.

"బాబూ, ఒక్కమాట," అన్నాడు యోహాను.

"ఏంది?"

"పెద్దాయన్ని పంపిస్తన్నారంట."

"నీకెందుకు?"

"నాకెందుకులే గానీ, పాడు చెయ్యాలనుకున్నోడు వడగడతాడా బాబూ?"

శ్రీకర్ చెయ్యి ఆగింది.

"ఏంది వడగట్టేది?"

"ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి దండెం మీద పంచె ఆరేసుంది. మూడు మడతలేసి వడగట్టాడంట. వేప వాసన వచ్చింది. ఏంది పెద్దాయనా ఇదంటే, కొత్త పెట్టె గదరా, నలక పోతే గొంతులో అడ్డం పడిద్ది అన్నాడు. మంచినీళ్ల క్యాను కూడా అక్కడే ఉంది. మన్ను పొయ్యాలనుకుంటే మన్నే పోసేవోడు గదా. మన్నుకి కరువా ఇక్కడ."

"ఇయ్యన్నీ పొద్దున చెప్పొచ్చుగా."

"పొద్దున నన్నడిగితే గదా. అడిగినోడు లేడు. చూపులే చూశారు."

శ్రీకర్ తండ్రి వైపు తిరిగాడు. గొంతు కొంచెం తగ్గింది.

"అయితే తెలీకే పోశావా? మరి ఎవరో చెప్పే ఉంటారు గదా నాన్నా. లైటు వెలిగితే యూరియా పొయ్యాలని నీకెట్టా తెలిసింది?"

పుల్లారావు మంచం మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

"నేను చెప్పా," అన్నది నిరోష.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు తడిగానే ఉన్నాయి.

"నువ్వా?"

"మీ ఫోను నేనెత్తా. యూరియా పొయ్యండి అని చెప్పింది నేనే."

శ్రీకర్ సంచి కింద పడేశాడు. "ఏమే, నీకు బుద్ధుందా? పొద్దున్నుంచీ ఆయన్ని అంటుంటే మాట్లాడకుండా నిలబడ్డావా? అసలు నీకెవరు చెప్పారు పొయ్యమని? నీకేం తెలుసని చెప్పావు?"

"మీరే చెప్పారు."

"నేనా?"

"మీరు స్నానం చేస్తన్నారు. తలుపు కొట్టి అడిగా, లైటు వెలుగుతుందంట మామయ్య ఫోను చేశాడని. యూరియా అయిపోయుంటది, పక్క గదిలో ఉంది పొయ్యమను అన్నారు. మీరన్న మాటే నేను చెప్పా. ఏ యూరియానో మీరు చెప్పలా. నాకేం తెలుసు?"

యోహాను గుమ్మం దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దవాళ్ల ఇంట్లో నిజం బయటపడేటప్పుడు పనివాడు దగ్గర ఉండకూడదని అతనికి తెలుసు.

"నేననలా," అన్నాడు శ్రీకర్.

"అన్నారు."

"అనలేదంటన్నానా. నీ తప్పు నా నెత్తిన రుద్దుతున్నావా? హనుమంతరావు ఏమన్నాడో తెలుసా నీకు? నా పొరపాటంటే షెడ్డు మూసుకోవాల్సిందే. పిల్లలుండవు. ఈ ఇల్లు దేని మీద నడుస్తదనుకుంటన్నావు?"

"దేని మీద నడిచినా మీరన్నారు."

"అనలా."

నిరోష మామ వైపు తిరిగింది. ఇంతవరకూ ఆమె అతని కళ్లలోకి నేరుగా చూసింది లేదు.

"మామయ్యా, అప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది. కట్ చెయ్యలా. ఈయన గొంతు మీకు వినపడే ఉంటది. చెప్పండి."

ముగ్గురూ అతని వంకే చూశారు.

వినపడలేదు. అదీ అసలు నిజం. ఉండండి మామయ్యా అన్నాక ఏదో గరగర వినపడింది. కాసేపటికి ఆమె గొంతే వినపడింది. మధ్యలో కొడుకు గొంతు లేదు.

అబద్ధం చెప్పడం పుల్లారావుకు రాదు. గట్టు తగాదాలో వినుకొండ కోర్టులో ఒక్క అబద్ధం ఆడమని వకీలు బతిమాలితే ఆడలేక, కుంట నేల వదులుకుని వచ్చినవాడు. శేషారత్నం చివరి వరకూ అదే దెప్పింది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబితే కోడలు అబద్ధాలకోరు అవుతుంది. ఆమె చెప్పేది నిజమని అతనికి తెలుసు. ఎట్లా తెలుసంటే చెప్పలేడు. కొడుకు ముఖం చూస్తే తెలుస్తోంది. చిన్నప్పుడు దొరికిపోయినప్పుడు పెట్టే ముఖమే అది.

నిజం నిలబడాలంటే అతను అబద్ధమాడాలి. నిజం ఆడితే అబద్ధం గెలుస్తుంది.

"వినపడింది," అన్నాడు.

"ఏం వినపడింది?"

"నీ గొంతు. యూరియా పొయ్యమన్నావు."

"ఎట్టా వినపడిద్ది?" శ్రీకర్ గొంతు లేచింది. "తలుపేసుంది. నెత్తి మీద నీళ్లు ధారగా పడతన్నయ్యి. తలుపుకానుకుని ఉన్న దీనికే వినపడక రెండు సార్లు అరిచి చెప్పా, అక్కడెక్కడో షెడ్డులో ఉన్న నీకెట్టా..."

ఆగిపోయాడు.

యోహాను అక్కడ లేడు, ఎప్పుడు పోయాడో పోయాడు. నిరోష గుమ్మానికి ఆనుకుంది. ఆమె ముఖంలో గెలిచిన గుర్తు ఏమీ లేదు.

పుల్లారావు ఎదురు చూశాడు. కొడుకు ఇప్పుడు ఏదో ఒకటి అంటాడు. తిడతాడో, ఏడుస్తాడో, ఏదైనా సరే. తండ్రి చేతికి కట్టిన గుడ్డల వంక ఒకసారి చూసినా సరే.

శ్రీకర్ వంగి సంచి తీశాడు. బయటికొచ్చిన పంచె కొసను లోపలికి తోశాడు. జిప్ లాగాడు. సగంలో ఇరుక్కుంటే వెనక్కి లాగి మళ్లీ లాగాడు. సంచి తీసుకుని వాకిట్లోకి నడిచి, డిక్కీలో పెట్టి, మూత వేశాడు.

"ఏమండీ," అన్నది నిరోష.

"నువ్వు లోపలికి పో."

ఆమె పోలేదు.

పుల్లారావు మంచం మీద నుంచి లేచాడు. కాలిన చేతుల్ని దేనికీ ఆనించకుండా, మోకాళ్ల బలంతో లేచాడు. వాకిట్లోకి వచ్చాడు.

"ఎక్కు నాన్నా," అన్నాడు శ్రీకర్. "రేపు కంపెనీవాళ్లు వస్తారు. చీకటి పడకముందే గురజాల చేరాలి."

"నా మొహం చూసి చెప్పరా ఆ మాట."

శ్రీకర్ వెనక టైరు దగ్గర వంగి కూర్చుని, గాలి ఉందో లేదోనని బొటనవేలుతో నొక్కి చూస్తున్నాడు. గాలి బిర్రుగానే ఉంది. అతను నొక్కుతూనే ఉన్నాడు.